నృత్యరచయితల చరిత్ర: అహోబలకథల వెలుగులో ఒక పరిశీలనము

ఆంధ్రవాఙ్మయచరిత్రలలో యక్షగానకర్తల పేరులు, కృతులు, కాలములు వీలైనంతవఱకు నమోదైనవి. ఆ యక్షగానములకు రంగస్థలముపై అడుగును, జతిని, అభినయమును కూర్చినవారి పేరులు మాత్రము కానరావు. పదమును వ్రాసినవాడు కవి. పాదమును నడిపించినవాడెవడు? ఈ ప్రశ్నను మన చరిత్రకారులు వేయకపోవుటకు వారి అశ్రద్ధ యొక్కటియే కారణము కాదు. నృత్యరచనము ఒక కర్తృత్వమనియు, దానిని చేయువాడు కవివలెనే ఒక కృతికర్త యనియు భావించుట మనలో ఇరువదవ శతాబ్దమునగాని స్థిరపడలేదు. ఆ భావన ఏ మార్గమున వచ్చెనో, దానివలన ఏమి లభించెనో, ఏమి జారిపోయెనో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇందులకు మేము నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతమును ఆధారముగా గ్రహించితిమి. ఈ ప్రాంతమున గొప్ప నృత్యరచయితలు పుట్టిరని చెప్పుట మా యభిప్రాయము కాదు. తెలుగు నృత్యనాటకమునకు మిక్కిలి ప్రియమైన ప్రహ్లాదకథయు, చెంచులక్ష్మికథయు ఈ ప్రాంతమునందలి అహోబలక్షేత్రముతో పెనవేసికొనినవి. ఒక కథ వెంబడి నడచినచో దానిని ఆడించినవారి జాడ కొంతయైనను తెలియునని మా ఆశ.

1. క్షేత్రము

2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి వేఱుపడి నంద్యాల జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాలోని ఆళ్ళగడ్డ మండలమున, నల్లమల యడవుల యంచున, అహోబలమున్నది. తిరుమంగైయాళ్వారు కీర్తించిన దివ్యదేశమిది. అన్నమాచార్యులు ఇచ్చట శఠకోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించెనని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసియున్నాడు. హిరణ్యకశిపుని వధించుటకు స్వామి చీల్చికొనివచ్చిన స్తంభము ఇచ్చటిదేయని భక్తుల విశ్వాసము. ఉగ్రుడైన స్వామి చెంచుకన్యను వరించి శాంతించుటయు ఇచ్చటనే జరిగినదని స్థానికుల నమ్మకము. సంక్రాంతి పండుగనాళ్ళలో మొదలై, బ్రహ్మోత్సవములకు ముందు సుమారు నలువది దినములు సాగు పారువేట యుత్సవమున, ఉత్సవమూర్తులు పల్లకిలో ఊరూరికిని పోవుదురు. స్వామి తన పెండ్లికి చెంచులను పిలువబోవుచున్నాడని జనులు చెప్పుకొందురు. కావున ఈ సీమలో చెంచులక్ష్మికథ గ్రంథములలోని కథ మాత్రమే కాదు, ఏటేట తిరిగి నడచు కథ.

నవనారసింహులలో ఛత్రవట నరసింహస్వామి విషయము మనకు మఱింత ముఖ్యము. హాహా హూహూ యను గంధర్వులిరువురు వచ్చి స్వామియెదుట గానమును, నృత్యమును సలిపిరనియు, స్వామి ఆనందించి చేతితో తాళము వేసెననియు స్థలపురాణము. దిగువ అహోబలమునకు కొలది దూరమున, చెట్టునీడనున్న ఆ గుడిలో, స్వామి యెడమచేయి తొడపై తాళము వేయుచున్నట్లే యుండును. దేవునికి నర్తకుని వేషము పెట్టిన శిల్పములు దేశమున పెక్కు గలవు. దేవునిని తాళధారిగా నిలిపిన మూర్తి అరుదు. తాళము పట్టినవాడే ఆటకు అధిపతియను భావము మన దేశి సంప్రదాయమున ఎంత పాతుకొనియున్నదో ఈ మూర్తి తెలుపుచున్నది. ఆ తాళధారి మానవుడైనప్పుడు అతని పేరు ఎవరును వ్రాసికొనకపోవుటయే విచిత్రము.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. నంద్యాల పేరు నందిమండలమునుండి వచ్చినదనియు, అభినయదర్పణకర్త నందికేశ్వరుడనియు కలిపి, ఆ శాస్త్రము ఈ సీమలో పుట్టినదని యూహించుటకు కొందఱకు కోరిక కలుగవచ్చును. నామసామ్యముమీద చరిత్రను కట్టరాదు. నంద్యాలకు నృత్యగాన చరిత్రలో చోటు కల్పించు సాక్ష్యము వేఱొకటి గలదు. పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకు అంకితము చేసెను. పదునాఱవ శతాబ్దినాటి ఆ ప్రబంధమున కథయంతయు సంగీతవిద్యను కేంద్రముగా చేసికొని తిరుగును. నారదునంతటివాడు తుంబురునితోడి పోటీచేత గానము నేర్వబూనును. కలభాషిణి యను వేశ్యాకన్య ఆ విద్యాభ్యాసమున పాలుగొనును. గురువెవరు, శిష్యుడెవరు, విద్య ఎవరినుండి ఎవరికి సంక్రమించినది యను విషయములను సూరన ఎంతో శ్రద్ధతో చెప్పినాడు. నృత్యరచయితలకు లేని వంశక్రమమును ఆయన గాయకులకు కథలోనైనను కల్పించినాడు.

2. వ్రాతలో నిలిచినది, నిలువనిది

ఓబయమంత్రి రచించిన గరుడాచల యక్షగానము మనకు లభించిన ప్రాచీన యక్షగానములలో నొకటి. గరుడాచలము అహోబలగిరికి మఱియొక పేరు. నరసింహుడు చెంచితను వలచి పెండ్లాడుట ఇందలి వస్తువు. కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయమును దీని ప్రక్కన నుంచి చూచినచో, ఆనాటి యక్షగానస్వరూపము స్పష్టమగును. త్రిపుట, జంపె, కురుచజంపె, ఆటతాళము, ఏకతాళము మున్నగు తాళప్రధానములైన రచనలును, ద్విపదలును, ఏలలును, ధవళములును, అర్ధచంద్రికలును వీనికి అంగములు. అనగా కవి తన రచనకు పేరు పెట్టునపుడే తాళము పేరు పెట్టినాడు. ఆట లేనిదే ఈ రచన లేదని తానే యొప్పుకొనినాడు.

అయినను తాళపత్రమున తాళము పేరు నిలిచినది, అడుగు నిలువలేదు. జంపెతాళమున చెంచిత ఏ గతిలో ప్రవేశించెను? ఆమె నడకయందు అడవిపిల్ల బెదురు చూపబడెనా, బింకము చూపబడెనా? నరసింహుని రౌద్రము శృంగారముగా మాఱు తావున మృదంగము ఆగెనా, వేగము తగ్గెనా? ఈ ప్రశ్నలకు గ్రంథమున సమాధానము లేదు. దిగువ అహోబల మండపస్తంభముపై నరసింహుడును చెంచితయు కూడియున్న శిల్పము కలదు. శిల్పి ఒక క్షణమును పట్టినాడు. కవి మాటను పట్టినాడు. ఆ రెంటి నడుమ ప్రవహించిన నృత్యమును పట్టిన వ్రాత లేదు.

నృత్యశాస్త్రము మనకు లేకపోలేదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది ప్రకరణములలో నాలుగు మార్గమునకును, నాలుగు దేశికిని వినియోగింపబడినవి. దానిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేసిరి. ఆ యనువాదము 1969లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రచురణముగా వెలువడినది. అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో కలిసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆంగ్లమున కనువదింపగా, అది 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ప్రచురణముగా వచ్చినది. ఈ శాస్త్రములు నృత్యమునకు వ్యాకరణమును, నిఘంటువును ఇచ్చినవి. వ్యాకరణమును నిఘంటువును ఎంత చదివినను ఒక కావ్యము మనకు దొరకదు గదా! శాస్త్రముండుట వేఱు, ఒకానొక రచన నమోదగుట వేఱు.

3. సమష్టి కర్తృత్వము

తంజావూరు నాయకరాజుల యాశ్రయమున తెలుగు యక్షగానము దక్షిణదేశమునకు చేరినది. మేలట్టూరు గ్రామమున పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున వర్ధిల్లిన వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములలో ప్రహ్లాదచరిత్రము ప్రముఖమైనది. తమిళదేశమున ఆ గ్రామస్థులు నేటికిని నృసింహజయంతినాళ్ళలో దానిని తెలుగుననే యాడుదురు. అచ్చటి నరసింహుని ముఖవేషము పూజార్హము. ఈ సంప్రదాయము క్షీణించిన దశలో దానిని లోకదృష్టికి తెచ్చినవారిలో ఇ. కృష్ణయ్యరుగారు ముఖ్యులు. అహోబలమునుండి మేలట్టూరునకు దూరము చాల యున్నను, కథ మాత్రము భాషను విడువక అంతదూరము నడచినది.

కృష్ణాతీరమున కూచిపూడి మేళములును ప్రహ్లాదనాటకము నాడినవి. ఆ మేళముల పని జరుగు తీరు మన ప్రశ్నకు సమాధానమునకు దారి చూపును. ప్రతి పాత్రకును ప్రవేశదరువు కలదు. హిరణ్యకశిపుని రాక, లీలావతి రాక వేర్వేఱు తాళగతులతో, వేర్వేఱు జతులతో జరుగును. సూత్రధారుడు తాళము చేతబట్టి నట్టువాంగము చేయుచు, పాడుచు, పాత్రతో సంభాషించుచు, ప్రదర్శనమును రాత్రియంతయు నడిపించును. పాత్రధారి తానే పాడవలెను, తానే ఆడవలెను, తానే పలుకవలెను. బాలుడు తండ్రి ప్రక్కన నిలిచి నేర్చును. పెద్దవాడై తన కుమారునకు నేర్పును. నేర్పునప్పుడు ఒక జతిని మార్చును, ఒక భావమును పెంచును. ఆ మార్పు మఱునాటికి మేళముదే యగును.

కావున నృత్యరచయిత లేడనుట తప్పు. ప్రతి తరమునను ఉన్నాడు. అతని రచన ఇంటిసొత్తై, మేళము సొత్తై, పేరు కోల్పోయినది. అతనికి పేరవసరము లేదు, ఏలయన చూచువారు ఊరివారే, నేర్చువారు ఇంటివారే. అజ్ఞాతత్వము ఇచ్చట అవమానము కాదు, ఒక వ్యవస్థ. ఆ వ్యవస్థ విఱిగిన నాడే పేరునకు విలువ వచ్చినది.

4. వ్యవస్థ విఱిగిన విధము

విఱుగుటకు కారణములు మూడు. మొదటిది ఆశ్రయము పోవుట. సంస్థానములు, జమీందారీలు సన్నగిల్లిన కొలది మేళములకు కావలసిన రాత్రులు తగ్గినవి. రెండవది దేవాలయ నృత్యము ఆగుట. 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ నిషేధచట్టము, నాడు ఆ రాష్ట్రమున భాగమైన కర్నూలు జిల్లాకును వర్తించినది. స్త్రీలను నిర్బంధించిన ఒక దురాచారము తొలగుట న్యాయమే. కాని దానితోపాటు ఆలయ నర్తకీమణులకును, వారి నట్టువులకును తెలిసిన నృత్యభాండాగారమును ఎవరును వ్రాసికొనలేదు. సంస్కారమునకును, సంరక్షణమునకును నడుమనున్న ఆ ఖాళీలో ఎంత పోయినదో లెక్కించుట యసాధ్యము.

మూడవ కారణము వ్యక్తి తలయెత్తుట. కూచిపూడిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు నాటకమునుండి ఏకపాత్ర నృత్యమును విడదీసి, మేళమునకు వెలుపలివారికిని, స్త్రీలకును నేర్పిరి. విద్య ఇల్లు దాటిన క్షణముననే గురువు పేరు అవసరమైనది. ఎవరి శిష్యుడవని లోకము అడుగనారంభించినది.

పిమ్మట చలనచిత్రము వచ్చినది. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయైనది. దానికి మూలము ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము. చెంచులక్ష్మి 1943లోను, మఱల 1958లోను చిత్రములై వచ్చినది. అహోబలకథలు రెండును ఇట్లు తెరకెక్కినవి. తెర యొక క్రొత్త యాచారమును తెచ్చినది: పేరులపట్టిక. రచన, సంగీతము ఎవరివో చెప్పుటతో పాటు నృత్యము ఎవరిదో కూడ అక్షరములలో కనబడినది. శతాబ్దముల పిమ్మట నట్టువుని పేరు ప్రేక్షకుడు చదివినాడు.

వేదాంతం రాఘవయ్యగారి జీవితము ఈ మార్పునకు మంచి నిదర్శనము. కూచిపూడి కుటుంబమునకు చెందిన ఆయన 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి రైతుబిడ్డలో దశావతారశబ్దము నాడిరి. తరువాత నృత్యదర్శకులై, పిదప చిత్రదర్శకులై 1953లో దేవదాసు, 1957లో సువర్ణసుందరి నిర్మాణములకు దర్శకత్వము వహించిరి. మేళమున సూత్రధారుడు చేయు పనినే, అనగా ఆటను, పాటను, మాటను ఒక్క చేతిమీద నడుపుటనే, ఆయన స్టూడియోలో చేసిరనవచ్చును. పసుమర్తి కృష్ణమూర్తిగారు 1951లో పాతాళభైరవి, మల్లీశ్వరి, 1957లో మాయాబజారు చిత్రములకు నృత్యములు కూర్చిరి. మల్లీశ్వరిలో ఉషాపరిణయ యక్షగానఘట్టమొకటి గలదు. కె.వి. రెడ్డిగారు, బి.ఎన్. రెడ్డిగారు రాయలసీమవారు, నృత్యదర్శకులు కూచిపూడివారు. పనిచేసిన చోటు మద్రాసు. ఆంధ్రదేశమున రెండు మూలలయందలి సంస్కారములు పరదేశమున కలిసినవి. ఫిల్ముపై ముద్రింపబడుటచే ఆ నృత్యములు నిలిచినవి. కాని పాట నిడివికి, కెమెరా కోణమునకు, తార నేర్పునకు లోబడి నిలిచినవి.

5. బాలే యను పదము

ఈ సమయముననే ‘బాలే’ యను పదము మన పత్రికలకెక్కినది. ఐరోపాలో నృత్యరచయిత స్థానము మొదటినుండియు నున్నతమైనదని మనలో ఒక యపోహ కలదు. 1760లో ఫ్రెంచివాడైన నోవెర్ నృత్యమును గూర్చిన లేఖలను ప్రకటించి, నృత్యాచార్యుడు కవితోను, చిత్రకారునితోను సమానుడని వాదింపవలసి వచ్చినది. అచ్చటను నృత్యము దేహమునుండి దేహమునకే సంక్రమించినది. భేదమెచ్చటనన, వారు నృత్యమును వ్రాయు లిపికొఱకు పట్టుబట్టిరి. 1892లో స్తెపానోవ్ అనునతడు ఒక లిపిని ప్రకటించెను. పీటర్స్‌బర్గున పెతిపా కూర్చిన బాలేలు ఆ లిపిలో వ్రాయబడినవి. రష్యావిప్లవము పిమ్మట ఆ వ్రాతలను నికొలాయ్ సెర్గెయేవ్ దేశాంతరమునకు కొనిపోగా, 1930-40 నడుమ లండనులో ఆ బాలేలు పునఃప్రదర్శితములైనవి. 1928లో లాబాన్ మఱియొక లిపిని ప్రకటించెను. పెతిపా మనవారికంటె గొప్పవాడగుటచే కాదు, వ్రాయబడుటచే మిగిలినాడు.

మన దేశమున బాలే పద్ధతికి ఆద్యుడు ఉదయశంకర్. 1923లో అన్నా పావ్లోవా బృందమునకు హైందవ వస్తువులతో నృత్యములు కూర్చి ఆయన ప్రసిద్ధుడయ్యెను. తరువాత అల్మోరాలో ఒక కళాకేంద్రమును నడిపెను. ఆయన చిత్రము కల్పన మద్రాసు జెమినీ స్టూడియోలో నిర్మితమై 1948లో విడుదలయైనది. బహునర్తకసముదాయమును ఒక్క రేఖగా, ఒక్క అలగా నడిపించుట ఆయన చూపిన మార్గము. మద్రాసున పనిచేయుచుండిన తెలుగు నర్తకుల యెదుటనే ఈ ప్రయోగము జరిగినదను విషయము గమనింపదగినది.

6. ఇరువురు నృత్యరచయితలు

1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్యసదస్సు జరిగినది; 1959లో హైదరాబాదున కూచిపూడి సదస్సు జరిగినది. కూచిపూడి శాస్త్రీయనృత్యమా, నాటకమా యను చర్చ ఆనాడు చెలరేగినది. ఆ చర్చకు గ్రంథములతో కాక ప్రయోగముతో సమాధానము చెప్పినవారు వెంపటి చినసత్యంగారు. 1929లో కూచిపూడిలో జన్మించిన ఆయన మద్రాసు చేరి, చలనచిత్రములలో వెంపటి పెదసత్యంగారి యొద్ద పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. శ్రీకృష్ణపారిజాతము, క్షీరసాగరమథనము, చండాలిక, పద్మావతీ శ్రీనివాసము, హరవిలాసము మున్నగునవి ఆయన నృత్యనాటికలు. వీనిలో పెక్కింటికి ఎస్.వి. భుజంగరాయశర్మగారు రచన చేసిరి. పట్రాయని సంగీతరావుగారు సంగీతము కూర్చిరి.

ఆయన చేసిన మార్పులు స్పష్టములు. రాత్రియంతయు సాగు ఆటను రెండు మూడు గంటలకు కుదించిరి. స్త్రీపాత్రలను స్త్రీలకిచ్చిరి. గానమును పాత్రధారినుండి తప్పించి ప్రక్కనున్న గాయకుల కప్పగించిరి. సమూహనృత్యమునకు రంగస్థలమున రూపరేఖలు దిద్దిరి. దీనివలన నర్తనము శుద్ధమై, దేశదేశములకు వ్యాపించినది. దీనివలననే వాచికము సన్నగిల్లినదని సంప్రదాయజ్ఞుల యాక్షేపణము. రెండును నిజమేయని మా యభిప్రాయము. పాడుచు, పలుకుచు ఆడిన వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచినవారికి ఆ యాక్షేపణము బలము తెలియును. కాని మేళముననే నిలిచియుండినచో ఆ విద్య నేడు ఎందఱకు దక్కియుండెడిది? వెంపటివారు 1998లో పద్మభూషణ సత్కారము నందిరి. 2012 జూలై 29న దివంగతులైరి. ‘వెంపటివారి బాణీ’ యని నేడు లోకము వ్యవహరించుచున్నది. నృత్యమున ఒక వ్యక్తిపేర బాణీ యేర్పడుట కవిత్వమున శైలి యేర్పడుటవంటిది.

నటరాజ రామకృష్ణగారి మార్గము వేఱు. 1923లో జన్మించి 2011లో దివంగతులైన ఆయన క్రొత్త కథలు వెదకలేదు, పోయిన నృత్యమును వెదకిరి. వృద్ధులైన ఆలయ నర్తకీమణుల ఇండ్లకు పోయి, వారికి జ్ఞాపకమున్నదానిని సేకరించి ఆంధ్రనాట్యమని ప్రచారము చేసిరి. జాయపగ్రంథమును, రామప్పగుడి శిల్పములను ఆధారము చేసికొని పేరిణిని పునఃకల్పించిరి. పునరుద్ధరణమెంత, నవకల్పనమెంత యను ప్రశ్న విద్వాంసులలో గలదు. శిల్పము ఒక భంగిమను చూపును గాని, ఒక భంగిమనుండి మఱియొకదానికి పోవు త్రోవను చూపదు. ఆ త్రోవను పూరించినది రామకృష్ణగారి రచనయే. కావున ఆయనను సంరక్షకుడనుటతో పాటు రచయిత యనియు చెప్పుట న్యాయము.

7. మన కర్తవ్యము

1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టము నృత్యరచనమును నాటకరచనతో పాటు రక్షించుచున్నది. కాని దానికొక నిబంధన గలదు: ఆ రచనయొక్క రూపము వ్రాతయందుగాని, మఱియొక విధముగాగాని స్థిరపఱుపబడియుండవలెను. మనము సాహిత్యచరిత్రలో తెలియక పాటించిన నియమమునే శాసనము తెలిసి పాటించినది. స్థిరపడనిదానికి కర్త లేడు.

ఆళ్ళగడ్డ శిల్పుల కార్యశాలల ముందు నిలిచినప్పుడు మాకు ఈ విషయము మఱింత స్ఫురించినది. శిల్పశాస్త్రమునను కొలతకు తాలమనియే పేరు. శిల్పి తాలమున కొలిచి చెక్కిన నటరాజు రాతిలో నిలుచును. నట్టువుడు తాళమున కొలిచి దిద్దిన నర్తకి దీపములారగానే నిలువదు. అయిన నేటికి చలచ్చిత్రలేఖనము సులభమైనది, నృత్యలిపులున్నవి, వృద్ధ గురువులు కొందఱు ఇంకను ఉన్నారు. లోపించినది పద్ధతి. యక్షగానమును పరిష్కరించు పరిశోధకుడు పాఠభేదములను సేకరించునట్లే, ఆ దరువును ఏ మేళము ఏ జతితో ఆడెను, ఎవరు దిద్దిరి, ఎవరు మార్చిరి యను ప్రయోగభేదములను కూడ సేకరింపవలెను. అట్టి పీఠిక లేని యక్షగాన పరిష్కరణము సగము పని యని మేము తలంచుచున్నాము.

గరుడాచలకథను ఓబయమంత్రి వ్రాసెనని మనకు తెలియును. దానిని మొదట ఆడించినవాని పేరు ఇక తెలియబోదు. నేడు ఆడించుచున్నవారి పేరులైనను మనకు తరువాత వచ్చు విద్యార్థులకు తెలియవలెను. ఛత్రవటమున స్వామి వేయు తాళమునకు ఆడిన గంధర్వుల పేరులను స్థలపురాణము మఱువలేదు. ఆ జాగ్రత్త మన విశ్వవిద్యాలయ శాఖలకును అలవడవలెను.